కుయిలి విసురు

కుయిలి వాళ్ళమ్మ వళ్ళియమ్మాళ్‌కు మోకాళ్ళ నొప్పులు. మూడో అంతస్తు నుంచి ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కడం ఆమెకు గండమే. కుయిలికేమో మెట్లంటే బద్ధకం. అందుకని చిన్నప్పుడే తల్లీకూతుళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కుయిలి బజారు నుంచి వచ్చి ఇ బ్లాకు కింద నిలబడి "అమ్మా" అని ఒక కేక వేసేది. వళ్ళియమ్మాళ్ బాల్కనీలోకి వచ్చి కొంగు పరిచి పట్టుకునేది. ఉల్లిపాయలు, వంకాయలు, బంగాళాదుంపలు ఒకటొకటిగా పైకి లేచి ఆ కొంగులో పడేవి. తల్లి ఇటూ అటూ కదలవలసిన పని ఉండేది కాదు. కోడిగుడ్లు మాత్రం మెట్లెక్కి తీసుకుపోయేది. గురి తప్పుతుందని కాదు, తల్లి తిడుతుందని.

చెన్నైలో మా అయనావరం హౌసింగ్ బోర్డు కాలనీలో అందరూ రోజూ చూసేదే కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకునేవారు కాదు. పట్టించుకున్నవాడు గజా ఒక్కడే. గజేంద్రన్ మా క్రికెట్ జట్టు కెప్టెను. మాలో అందరికంటే పెద్ద గొంతు వాడిది, అందుకే కెప్టెనయ్యాడు. ఒక సాయంత్రం ఆట మధ్యలో ఆగి, పైకి పోతున్న వంకాయలను చివరిదాకా చూసి, "ఈ పిల్ల మన జట్టులో ఉండాలిరా బొక్కెనా" అన్నాడు.

బొక్కెన అంటే నేను. పేరు తవమణి. వికెట్ దగ్గర నిలబడితే ఏది వచ్చినా నా చేతుల్లో పడుతుందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు నాకు ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది, పెళ్ళయింది, జుట్టు నెరిసింది. అయినా పేరు మాత్రం మారలేదు.

అలా కుయిలి మా జట్టులోకి వచ్చింది. ఇ బ్లాకుకూ ఎఫ్ బ్లాకుకూ నడుమ ఉన్న ఖాళీ స్థలమే మా మైదానం. ఒక చివర లారీ షెడ్డు గోడ, దాని మీద బొగ్గుతో గీసిన మూడు గీతలు. రెండో వైపు, మట్టి నింపిన రంగు డబ్బాలో పాతిన ఒకే ఒక్క కర్ర. చాలా దూరంలో నీళ్ళ ట్యాంకు. ఆ ట్యాంకు కింద ఎవడూ నిలబడేవాడు కాదు, అక్కణ్ణుంచి విసిరితే బంతి సగం దారిలోనే నడుం వాల్చేది. కుయిలి తానుగా పోయి అక్కడ నిలబడింది. బంతి ఎటు పోయినా దాని వెంటపడి, పావడా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో విసిరేది. నేను చేతులు చాచి కళ్ళు మూసుకున్నా సరే, బంతి వచ్చి నా చేతుల్లో కూర్చునేది.

ఒకసారి జ్యోతి వీధి జట్టుతో పందెం. వాళ్ళకు ఇంకో రెండు పరుగులు చాలు. వాళ్ళ ఆఖరివాడు మొదటిదానికి పరిగెడుతూ ఉండగానే ట్యాంకు కిందనుంచి బంతి వచ్చి కర్రకు తగిలింది. వాళ్ళు ఒప్పుకోలేదు. ఆడపిల్ల చేసిన రనౌట్ చెల్లదన్నారు. గజా డబ్బా దగ్గరికి పోయి, పడిపోయిన కర్రను చేత్తో పైకెత్తి చూపించి, "విసిరింది ఆడో మగో దీన్ని అడుగురా, అది చెబితే మళ్ళీ ఆడదాం" అన్నాడు. గంటసేపు వాదన జరిగింది. ఆఖరికి కప్పు మాకే వచ్చింది.

పద్నాలుగో ఏట కుయిలి ఒకరోజు ఆటకు రాలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ రాలేదు. మెట్ల మీద ఎదురైతే నవ్వేది, మాట్లాడేది. ఓణీ వేసుకుని బడికి పోయేది. బంతి ఎప్పుడైనా ఎగిరి వాళ్ళ బాల్కనీలో పడితే అక్కణ్ణుంచే నా చేతుల్లోకి విసిరి, లోపలికి వెళ్ళిపోయేది. అంతే.

పెళ్ళి కూడా ఎక్కడికో కాదు, ఎదురుగా ఉన్న ఎఫ్ బ్లాకుకే. పెళ్ళికొడుకు ఇళంగో నీళ్ళ క్యాన్ల బండి నడుపుతాడు, మాట తక్కువ మనిషి. ఈ బ్లాకు నుంచి ఆ బ్లాకుకు పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళడానికి బ్యాండు మేళం పెట్టారు. పాట ఎత్తుకునేలోపే ఇల్లు వచ్చేసింది. డబ్బులిచ్చాం కదా అని పెళ్ళికొడుకు తల్లి మొత్తం బోర్డు చుట్టూ మూడు చుట్లు తిప్పించింది.

ఆ తల్లే పాంజాలై అత్త. ఆమె ఇల్లు కింది వాటాలో, మా ఆటకు సరిగ్గా పక్కన. మా చిన్నతనమంతా ఆమె ఇంట్లో పడ్డ బంతి బియ్యం డ్రమ్ములోకి పోయేది, తిరిగి వచ్చేది కాదు. కుయిలి కాపురానికి వచ్చిన వారానికి ఒక గోనెసంచి నిండా బంతులు మా గజా ఆటో వెనక సీట్లో కనిపించాయి. కొన్నిటిని ఎలుకలు కొరికేశాయి. అత్త ఆ సంగతి కనిపెట్టింది కానీ కొత్త కోడల్ని ఏమనలేక నెలరోజులు మమ్మల్నే తిట్టింది.

తర్వాత అత్తాకోడళ్ళు ఎఫ్ బ్లాకు ముందు ఇడియాప్పం బండి పెట్టారు. తెల్లవారితే చాలు, కుయిలి అచ్చు తిప్పి బియ్యప్పిండిని సన్నటి సేమ్యాలా ఒత్తుతూ ఉండేది, అత్త కొబ్బరిపాలు పోస్తూ ఉండేది. ఇద్దరికీ రోజంతా వాగ్వాదమే. కోడలు ఏ వస్తువునూ చేతికివ్వదనీ, అన్నీ విసురుతుందనీ అత్త ఫిర్యాదు. ఉతికిన బట్టలు అలమరలోకి, టమాటాలు గిన్నెలోకి, తాళంచెవులు మేకు మీదికి. ఒక్కటీ కింద పడదు కాబట్టి తిట్టడానికి లేదు, అదే ఆమె బాధ.

కుయిలికి ఒక కూతురు, ఒక కొడుకు. మా జట్టు మాత్రం అలాగే ఉంది. ఆదివారం పొద్దున మోకాళ్ళకు నూనె రాసుకుని, ఒక పరుగు తీసి రెండు నిమిషాలు నడుం పట్టుకుని నిలబడే జట్టు.

అలాంటి రోజుల్లో సినిమావాళ్ళు వచ్చారు. వీధి క్రికెట్ ఆడే కుర్రాళ్ళు, వాళ్ళ స్నేహం, గొడవలు, మళ్ళీ కలవడాలు, మొదటినుంచి చివరిదాకా నవ్వుల సినిమా అట. డైరెక్టరు పేరు ముగిల్, గడ్డం పెంచిన పిల్లవాడు. లారీ షెడ్డు గోడ మీది బొగ్గు గీతలు చూసి, ఇంతకంటే మంచి చోటు చెన్నైలో దొరకదని ఇక్కడే దిగిపోయాడు. ప్రత్యర్థి జట్టుగా మమ్మల్నే తీసుకున్నారు. రోజుకూలి, మధ్యాహ్నం బిర్యానీ. ఒకటే చిక్కు, ఆఖర్న మేము ఓడిపోవాలి.

గజాకు అది మింగుడు పడలేదు. ముగిల్‌ను పక్కకు తీసుకెళ్ళి నచ్చజెప్పబోయాడు.

"ఓడిపోవడం మాకు కొత్తేం కాదు సార్. కానీ ఈ పిల్లల చేతుల్లో ఓడిపోయామంటే రేపు నా ఆటో ఎవడెక్కుతాడు?"

"ఇది సినిమా కదన్నా" అన్నాడు ముగిల్.

"సినిమా అయితే మాత్రం, జనం చూడరా?"

చివరికి ఒక్క పరుగు తేడాతో ఓడిపోవడానికి ఒప్పుకున్నాడు.

ఆఖరి ఘట్టం ఇది. మా జట్టు బ్యాట్స్‌మన్ గెలుపు కోసం పరిగెడుతూ ఉంటాడు. హీరో నీళ్ళ ట్యాంకు కిందనుంచి బంతి విసిరి ఆ ఒంటి కర్రను పడగొడతాడు. పరిగెత్తి ఔటయ్యేవాణ్ణి నేను. నా పనల్లా ఆయాసపడుతూ వచ్చి కర్రను అందుకోలేకపోవడం. దానికి నాకు నటన అవసరం రాలేదు.

హీరో పేరు రిషిధర్. మంచివాడే, పొగరు లేదు, నాట్యం బాగా చేస్తాడు. కానీ బంతి విసరడం రాదు. ముగిల్ కోరింది మరీ కష్టమైనది. హీరో వీపు వెనక కెమెరా ఉంటుంది, బంతి చెయ్యి వదిలి, గాల్లో అంత దూరం పోయి, కర్రను కొట్టేదాకా ఒకే షాటు. ముక్కలు అతికిస్తే చూసేవాళ్ళు పట్టేస్తారని అతని పట్టుదల. రిషిధర్ మొదటి బంతి లైటు గొడుగుకు తగిలింది. ఇంకొకటి మూత తీసి ఉన్న బిర్యానీ గుండిగలో పడింది. ఇంకొకటి పాంజాలై అత్త వంటింటి కిటికీ అద్దం పగలగొట్టింది. ఫైటు మాస్టరు వేశాడు, తగల్లేదు. గజా నేను వేస్తానని చొక్కా చేతులు మడిచి, ఒక్కటి విసిరి, భుజం పట్టుకుని కూలబడ్డాడు. ప్రతిసారీ నేను పరిగెడుతూనే ఉన్నాను. ఎండ నడినెత్తికొచ్చింది.

ఇక ఒక్క పరుగు తీసినా అక్కడే పడి చచ్చేలా ఉన్నాను. గజా వైపు చూశాను. వాడూ నా వైపే చూస్తున్నాడు. ఇద్దరం ఒకేసారి ఇడియాప్పం బండి దగ్గరికి నడిచాం. ముగిల్ మా వెనక వచ్చాడు.

హీరో బట్టల్లో తను విసరాలన్న సంగతి విని కుయిలి అచ్చు తిప్పడం ఆపింది.

"నీకేమైనా మతి పోయిందా బొక్కెనా? నేను బంతి ముట్టుకుని ఎన్నేళ్ళయింది? పైగా ప్యాంటు వేసుకుని, వీళ్ళందరి ముందూనా?"

అత్త చాటలో గాజుపెంకులు ఏరుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఈ అద్దం పగలగొట్టినవాడు ఇంకా ఎన్నిసార్లు విసురుతాడు?"

"తగిలేదాకా అత్తా" అన్నాడు గజా.

ఆమె లేచి బ్లాకు వైపు చూసింది. ఎన్ని కిటికీలున్నాయో లెక్క పెట్టుకున్నట్టుంది. వచ్చి కోడలి చేతిలోంచి అచ్చు లాక్కుంది.

"పో. పోయి ఒక్కటి తగిలించి రా. వీడు తగిలించేలోపు ఈ వైపు అద్దం మిగలదు."

"అత్తా, ప్యాంటు వేసుకోవాలట."

"వేసుకో. నవ్వినవాడికి రేపటినుంచి కొబ్బరిపాలు లేవని నేను చెప్పానని చెప్పు."

ఇళంగోకు ఫోన్ చేస్తే, అమ్మ ఒప్పుకున్నాక ఇక నన్నడగడం దేనికని క్యాన్లు దించుకోవడానికి వెళ్ళిపోయాడు.

కుయిలి హీరో చొక్కా, ప్యాంటు వేసుకుని, జుట్టంతా టోపీలోకి దోపుకుని బయటికొచ్చింది. అప్పటికే రెండు బ్లాకుల బాల్కనీలూ నిండిపోయాయి. మూడో అంతస్తు నుంచి ఎవరో ఈల వేశారు, దాని వెంబడి ఇంకొకరు. ఆమె తలవంచుకుని గబగబా ట్యాంకు కిందికి పోయింది. మెడ ఎర్రబడింది.

మొదటి బంతి కర్రకు చాలా పైనుంచి పోయింది. రెండోది నా మోకాలికి తగిలింది. కుయిలి నవ్వేసింది. నవ్వాక ఆమె నిలబడే తీరు మారింది. కాలికి తొడిగిన బూట్లు విప్పి పక్కన పెట్టి, వట్టికాళ్ళతో మట్టిని రెండుసార్లు రుద్దింది. నేను మళ్ళీ పరుగు మొదలుపెట్టాను. చెవి పక్కనుంచి సర్రున ఏదో పోయింది. నేను చూసేసరికి డబ్బాలో కర్ర పక్కకు ఒరిగిపోయి ఉంది.

బోర్డంతా అరిచింది. ముగిల్ మాత్రం తల గోక్కుంటూ, కెమెరా అతను బంతి వెంట పోయి కర్రను వదిలేశాడని చెప్పాడు. ఇంకొక్కసారి వేయగలవా అక్కా అని బతిమాలుతున్నట్టు అడిగాడు. కుయిలి తలాడించింది. మళ్ళీ వేసింది. మళ్ళీ తగిలింది.

కథ ప్రకారం అప్పుడు సినిమాలోని స్నేహితులు పరిగెత్తుకొచ్చి హీరోను ఎత్తుకోవాలి. ఆ భాగానికి రిషిధర్‌ను నిలబెట్టాలి కాబట్టి వాళ్ళు కదల్లేదు. కదిలింది మేము, ఓడిపోయిన జట్టు. గజా భుజం నొప్పి మరిచిపోయి పరిగెత్తాడు, నేనూ పరిగెత్తాను, డోలు వాయించే డేనియల్ పరిగెత్తాడు. ఆమె చుట్టూ చేరి పిచ్చివాళ్ళలాగా గెంతాం. ఓడినవాళ్ళు ఎందుకు గంతులేస్తున్నారని ముగిల్ మైకులో అరుస్తూనే ఉన్నాడు.

రిషిధర్ ఆమె దగ్గరికొచ్చి, గురి ఎలా కుదురుతుందక్కా అని అడిగాడు.

"కొట్టాలని విసరకు తమ్ముడూ. అక్కడ మనిషి ఉన్నట్టు, వాళ్ళకు అందించాలన్నట్టు వెయ్యి. నాకు మా అమ్మ కొంగు కనబడుతుంది."

మధ్యాహ్నం అందరం మెట్ల మీద కూర్చుని బిర్యానీ తింటున్నాం. చాలా ఏళ్ళ తర్వాత అలా కలిసి కూర్చోవడం. కుయిలి ఇంకా ఆ ప్యాంటులోనే ఉంది. ఎముక చప్పరిస్తూ, పెద్ద సంగతేం కాదన్నట్టు అంది.

"ఆ రోజు అమ్మ ఇక చాలు, ఆడొద్దంది. సాయంత్రమంతా తలుపు వైపే చూస్తూ కూర్చున్నా. మీరెవరైనా వచ్చి అడుగుతారని. ఒక్కడూ రాలేదు కదరా."

గజా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"రాకపోవడమేంటి? అందరం వచ్చాం. మెట్ల మీద వరసగా నిలబడ్డాం. మీ అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చి పంపించింది."

"ఎప్పుడు?"

"ఆ మర్నాడే. నువ్వు మీ మామయ్య ఇంటికెళ్ళావంది."

కుయిలి మా మొహాలు ఒకరొకరివే చూసింది. డేనియల్ తలూపాడు. నేనూ తలూపాను. ఆ మజ్జిగలో అల్లం ఎక్కువైందని కూడా నాకు గుర్తుంది. ఆమె చెయ్యి కడుక్కోకుండానే లేచి, నడిమధ్యకు పోయి, ఇ బ్లాకు మూడో అంతస్తు వైపు తలెత్తి పిలిచింది.

"అమ్మా. వీళ్ళు అప్పుడు నాకోసం వచ్చారా?"

వళ్ళియమ్మాళ్ పొద్దుటినుంచీ బాల్కనీలోనే ఉంది. రెండు చేతులూ కమ్మీ మీద పెట్టి కిందికి వంగింది.

"వచ్చారు. కాళ్ళనిండా మట్టి. నా మెట్లన్నీ పాడుచేశారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

బోర్డులో వినబడనిది లేదు, కింద గిన్నెలు కడుగుతున్నవాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు.

"చెబితే ఆగేదానివా?" అంది వళ్ళియమ్మాళ్.

కుయిలి అక్కడే నిలబడిపోయింది. తల్లి మీద కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో మాకు తెలియలేదు, మొహం అటువైపు ఉంది. మేము విస్తళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి తిరిగి వచ్చి మా మధ్య కూర్చుంది. ముక్కు తుడుచుకుని, "అందరికీ మజ్జిగ ఇచ్చిందా? మా ఇంట్లో అన్ని గ్లాసులెక్కడివి?" అని అడిగింది.

"రెండే గ్లాసులు. వంతులు వేసుకుని తాగాం" అన్నాడు డేనియల్.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది, ఇక ఆపలేకపోయింది. మాకూ అంటుకుంది. పక్కన కూర్చున్న సినిమా జట్టు కుర్రాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

ఆ వచ్చిన ఆదివారం పొద్దున ఆరింటికి మేము కర్ర పాతుతూ ఉండగా కుయిలి వచ్చింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా. ఎవరినీ ఏమీ అడగలేదు, తిన్నగా ట్యాంకు కిందికి నడిచింది. గజా పిలిచాడు. ఇన్నేళ్ళలో నీకు ఒక్కసారి కూడా బ్యాటు ఇవ్వలేదే, ఇవాళ ముందు నువ్వే ఆడమన్నాడు. ఆమె బ్యాటును అప్పడాల కర్రలా పట్టుకుంది. డేనియల్ మెల్లిగా వేసిన మొదటి బంతికే బొగ్గు గీతల మీద ముద్ర పడింది. అది ట్రయల్ బంతి, లెక్కలోకి రాదని గజా ప్రకటించాడు. రెండోదీ అంతే అయింది. అదీ ట్రయలేనని ప్రకటించాడు. మూడోసారి ఔటయినప్పుడు కుయిలే బ్యాటు వాడి చేతికిచ్చి, నాకిది పడదు, నా చోటుకు నన్ను పోనీ అంది.

అప్పటినుంచి ఆదివారాలు ఇడియాప్పం బండి కాస్త ఆలస్యంగా తెరుస్తున్నారు. అత్త సణుగుతుంది కానీ స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంటుంది. కోడలికి క్యాచ్ జారితే అందరికంటే ముందు ఎండ కంట్లో పడిందని అరిచేది ఆమే.

సినిమా దీపావళి దాటాక వచ్చింది. బోర్డువాళ్ళం రెండు వరసలు నింపేశాం. వళ్ళియమ్మాళ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెట్లు దించాం. పాంజాలై అత్త పెళ్ళినాటి పట్టుచీర కట్టుకొచ్చింది. సినిమా బాగుంది. జనం మొదటినుంచీ నవ్వుతూనే ఉన్నారు. నేను పరిగెత్తుతుంటే మరీ ఎక్కువ నవ్వారు, అది నవ్వాల్సిన చోటో కాదో నాకిప్పటికీ తెలియదు.

ఆఖరి ఘట్టం వచ్చింది. తెరనిండా ఒక వీపు, టోపీ, వెనక్కి లేచిన చెయ్యి. బంతి పోయింది, పోయింది, కర్ర ఎగిరింది. వెంటనే రిషిధర్ మొహం, పళ్ళన్నీ కనబడేలా నవ్వు. హాలంతా వాడికోసం ఈలలు వేసింది. కుయిలి కూతురు తల్లి చెవిలో, "అమ్మా, అది నీ వీపేనా?" అని అడిగింది. కుయిలి పాప్‌కార్న్ నములుతూ అవునంది. నేను ఓరకంట ఆమె వైపు చూశాను. తెర వెలుగులో ఆమె మొహం తృప్తిగా ఉంది. కాస్త చిలిపిగా కూడా ఉంది, పెద్దవాళ్ళకు తెలియకుండా ఏదో పని చేసొచ్చిన పిల్లలాగా.

అత్త మాత్రం ఊరుకోలేదు. లేచి నిలబడి, వెనక వరస వైపు తిరిగింది.

"ఆ విసిరింది వాడు కాదు. ఇదిగో, ఇది. నా కోడలు."

"కూర్చో అవ్వా, తెర కనబడటం లేదు" అన్నాడు వెనక కుర్రాడు.

"అయిపోయిందిగా, ఇంకేం కనబడాలి నీకు? ఇటు చూడు, దీన్ని చూడు."

ఆ కుర్రాడు చూశాడు. వాడి పక్కవాళ్ళూ చూశారు. కుయిలి కొంగుతో మొహం కప్పుకుని కుర్చీలో జారిపోయింది. పేర్లు పడుతుండగా, అన్నిటికంటే చివర, చిన్న అక్షరాల్లో ఆమె పేరు వచ్చింది. ఎవరూ చదవలేకపోయారు, ఇళంగో ఒక్కడే చదివాడు. అప్పటిదాకా నోరు తెరవని మనిషి, "అదిగో" అని ఒక్క మాటన్నాడు.

బయటికొచ్చి పరోటాలు తిన్నాం. తిరిగి వస్తుంటే గజా ఆటోలో అత్తాకోడళ్ళు, వళ్ళియమ్మాళ్, పిల్లలు, వాళ్ళ మీద నేను. దారంతా అత్త ఒకటే లెక్క. రేపు మధ్యాహ్నం ఆటకు అరక్కోణం నుంచి తన చెల్లెల్ని పిలిపించాలట, ఈసారి తెరకు బాగా దగ్గరగా కూర్చోవాలట. రేపు బండి ఎవరు చూస్తారని కుయిలి అడిగింది. రేపొక్కరోజు అయనావరం ఇడియాప్పం తినకపోతే చచ్చిపోదులే అంది అత్త.